సముద్రం నడుమ నిద్ర

మొగుడు పోయి నెల తిరగకముందే సోమక్క సముద్రం చూడబోయిందని కొత్తవాడలో ఇప్పటికీ చెవులు కొరుక్కుంటారు. కొరుక్కోనివ్వండి. నా ముఖం మీద అనే ధైర్యం మాత్రం ఒక్కరికీ లేదు. శోభారాణి నోరు ఎలాంటిదో వరంగల్ సగానికి తెలుసు. సోమక్క మా వదిన. పోయిన రాజమౌళి మా అన్న, నా తోడబుట్టినవాడు ఆయనొక్కడే. వదిన వెంట ఆ దీవికి పోయింది నేనే కాబట్టి ఏం జరిగిందో నేనే చెప్పాలి.

వదినది రఘునాథపల్లి. వాళ్ళ నాయన పెద్ద రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపేవాడు. ఆ ఇంట్లో మగ్గం లేదు, మాకేమో మగ్గమే ఇల్లు. మేం నేసేవి జంపఖానాలు. పెళ్ళిళ్ళలోనూ భజనల్లోనూ పదిమంది కూర్చోవడానికి నేల మీద పరుస్తారే, అవి. అంత వెడల్పు బట్టను ఒక్క మనిషి నేయలేడు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. దారం చుట్టిన నాడెను ఆ చివర నుంచి ఒకరు విసిరితే, నడుమ రెండో మనిషి అందుకొని ఈ చివరకు పంపాలి. మా నాయన పోయాక అన్న పక్కన కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. నన్ను కూర్చోబెడితే గంటకోసారి అలిగి లేచిపోయేదాన్ని. వదిన కాపురానికి వచ్చి ఆ చోట కూర్చుంది. మొదట్లో నాడె గురి తప్పి ఆమె ముంజేతికి తగిలేది. చెయ్యంతా కమిలిపోయినా ఏడ్చేది కాదు. అన్నే మెల్లగా విసిరేవాడు. "తొందరేం లేదు, జంపఖానా యాడికి పోదు" అనేవాడు.

ముప్పై ఏండ్లు అలా ఆయన కుడిపక్కన కూర్చుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన పని ఉండేది కాదు, చేతులకే అంతా తెలిసేది. వాళ్ళ పోట్లాటలు కూడా మగ్గం మీదే. కోపమొస్తే వదిన నాడెను కాస్త గట్టిగా విసిరేది. అన్న అందుకొని, ఏమీ ఎరగనట్టు తిరిగి పంపేవాడు. రెండు మూడు వరుసలు పోయేసరికి ఇద్దరిలో ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. ఇద్దరికీ కలిపి నవత ఒక్కతే బిడ్డ. దాన్ని డోర్నకల్‌లో రైల్వే పని చేసే అబ్బాయికిచ్చి చేశారు.

పోయిన కార్తీకం చివర్లో ఒక పొద్దున అన్న మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. వదిన భుజం మీదే. ఏదో అలసటనుకొని ఆమె జరిగి చోటిచ్చిందట. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. చావు జరిగిన ఇంట్లో ఆడమనిషిని, దినాలు అయిపోయాక పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతారు. తమ ఇంట్లో ఒక రాత్రి పడుకోబెట్టి, పొద్దున అన్నం పెట్టి, చీర పెట్టి పంపుతారు. దాన్ని మేం నిద్ర చేయడం అంటాం. అది అయ్యేదాకా ఆ మనిషి ఇంకో గడపలో రాత్రి ఉండకూడదు. అన్నో తమ్ముడో పక్క పరిచి పడుకోబెడితే, అప్పటిదాకా ఆగిన కన్ను మళ్ళీ మూతపడుతుందని, ఆ తర్వాత మనిషి మళ్ళీ మనుషుల్లో కలుస్తుందని మా పెద్దల నమ్మకం.

వదినకు తల్లీ తండ్రీ లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు ఓంకార్. వాడు అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ మీద పోవాల్సిన ఒక దీవిలో, రిసార్టులో పని చేస్తాడు. అన్న పోయిన రోజు అక్కడ తుఫాను, ఓడలన్నీ బంద్. అది తగ్గేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. పోనీ దినాలకైనా వస్తాడేమో అనుకుంటే, సీజన్ మొదలైంది, సెలవు లేదు, పోతే మళ్ళీ రానక్కర్లేదంటున్నారు అని ఫోన్లో చెప్పాడు. డిసెంబర్ వచ్చిందంటే చలి దేశాల వాళ్ళూ, పెద్ద పట్నాల వాళ్ళూ ఎండ కాచుకోవడానికి ఆ దీవికి వస్తారట. నాకు ఒళ్ళు మండింది.

"బావ సచ్చిపోతె గూడ రానోడివి నువ్వేం తమ్ముడివయ్యా? మందికి ఎండ గావాలెనని నువ్వు ఆడ కూసున్నవా?" అన్నాను.

"నువ్వన్నది నిజమే వదినా" అన్నాడు ఓంకార్. అక్క ఆడబిడ్డను కాబట్టి నన్ను వదినా అనే పిలుస్తాడు. తిడితే తిరిగి తిట్టేవాడితో పోట్లాడవచ్చు గానీ ఒప్పుకునేవాడితో ఏం పోట్లాడతాం. ఫోన్ పెట్టేశాను.

ఇంతలో నవతకు నెలలు నిండాయి. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి. కాని చావు జరిగిన ఇంటికి కడుపుతో ఉన్న పిల్లను పంపనని దాని అత్త భాగ్యమ్మ అంది. అందులో తప్పు పట్టడానికి లేదు, ఆ స్థానంలో నేనున్నా అదే అందును. అయితే వదినే డోర్నకల్ పోయి బిడ్డ దగ్గర ఉంటుందంటే భాగ్యమ్మ దానికీ ఒప్పుకోలేదు. "వదినె, నీ మీద నాకేం కోపం లేదు. తల్లిగారోళ్ళు నిద్ర చేసినంక రా, నెల దినాలుండు. నిద్ర గాకుంట మాత్రం నా ఇంట్ల పండుకోనియ్య. పచ్చి బాలెంత ఉండే ఇల్లు" అంది.

నవత రోజూ ఫోన్ చేసేది. "అమ్మా, నువ్వు పక్కన లేకుంటె నాకు భయమైతాంది" అనేది. వదిన "వస్త బిడ్డా" అనేది తప్ప ఎలా వస్తుందో చెప్పేది కాదు. కేసముద్రంలో వాళ్ళ చిన్నాయన కొడుకు బాలకిషన్ ఉన్నాడు, ఆయనతో చేయిద్దామని నేనే బయల్దేరి పోయాను. ఆయన తల పట్టుకున్నాడు. బిడ్డ పెళ్ళి పెట్టుకున్నాడు, ఇంటికి సున్నాలు కూడా వేశారు. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో చావు నిద్ర ఎవరు చేస్తారు? చాయ్ తాగి తిరిగొచ్చాను.

ఇంకో సంగతి. అన్న పోయినప్పటి నుంచి వదినకు కంటి మీద కునుకు లేదు. నా ఇల్లు రెండు వీధుల అవతలే గానీ, మా ఆయన మహిపాల్‌ను వండుకు తినమని చెప్పి, నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి కదా. ఎప్పుడు చూసినా ఆమె కళ్ళు తెరుచుకొనే ఉండేవి. నేను చూస్తున్నానని తెలిసి అటు తిరిగేది. మనిషి సగమైంది. ఈ నిద్ర కాకపోతే బిడ్డ కాన్పు చూడడం అటుంచి, ఈమె దక్కుతుందా అని నాకు లోపల దడ పుట్టింది.

అలాంటప్పుడు ఓంకార్ మళ్ళీ ఫోన్ చేశాడు. "వదినా, అక్కను ఈడికి తీస్కరా. నేనే నిద్ర చేస్త. ఇద్దరికి టికెట్లు పంపుతాన. రూములకెల్లి ఒకటి ఏసీ ఖరాబై ఖాళీగున్నది, మేనేజర్‌ను బతిమిలాడితే ఒక్క రాత్రికి ఇచ్చిండు."

"హోటల్ల నిద్ర చేస్తరా ఎవలన్నా? నీకు మతి ఉన్నదా ఓంకార్?" అన్నాను.

పక్కన కూర్చున్న వదిన నా చేతిలోని ఫోన్ తీసుకొని, "వస్తాన తమ్మీ" అంది. ఆ మాట అంటూ లేచి నిలబడింది. ఇన్ని రోజుల్లో ఆమె తనంతట తాను అన్న మాట అదే అనుకుంటాను. ఇక సంచి సర్దాను.

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం, అక్కణ్ణుంచి ఓడ. ఇద్దరికీ రెండూ కొత్తే. దీవికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మా దగ్గర స్వెట్టర్లు, చలిమంటలు. అక్కడ ఒళ్ళంతా చెమట. రిసార్టు గేటు దగ్గర ఒక పిల్ల గవ్వల దండలు పట్టుకొని నవ్వుతూ ఎదురొచ్చింది. వదిన మెళ్ళో వేయబోతే నేను అడ్డం పోయాను.

"ఏయనియ్యే శోభా" అంది వదిన. "పొద్దటి సంది నిలబడ్డట్టున్నది, పాపం." వంగి వేయించుకుంది. నాలుగడుగులు వేశాక తీసి, అక్కడే ఒక పూలకుండీకి తగిలించి వచ్చింది.

ఆ రిసార్టు గురించి ఉన్నమాట చెప్పాలి. తెల్లటి ఇసుక, ఒడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు, నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా. చెట్ల కింద వరసగా పొడుగాటి కుర్చీలు, వాటి మీద మనుషులు ఏ ఫికరూ లేకుండా పడి ఉన్నారు. ఒకాయన పొట్ట మీద పుస్తకం బోర్లించుకొని నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. ఒకామె గొడుగు కింద కొబ్బరిబోండం తాగుతూ మమ్మల్ని చూసి, మొదటిసారి వచ్చారా, బాగా ఆరాం చేయండి అని హిందీలో అంది. మంచి ఆమే. కాని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మా అన్న నేసిన జంపఖానాల మీద ఊరంతా కూర్చుంది, ఆయన మాత్రం ఒక్క రోజు ఇలా కాళ్ళు చాపి పడుకోలేదు. ఈ మనుషులకు ఆ సంగతి ఎందుకు తెలియాలి అని నాకు నేనే చెప్పుకున్నాను, అయినా కోపం పోలేదు.

ఓంకార్ వచ్చాడు. అక్కను పట్టుకొని ఏడ్చాడు. వదిన వాడి వీపు నిమిరింది గానీ ఆమె కంట నీరు రాలేదు. నేను తిట్టడానికని దారి పొడుగునా ఎన్నో మాటలు కూడగట్టుకొని పోయాను. సందు దొరకలేదు.

రూము చూపించాడు. పెద్ద మంచం, దాని మీద పూలు చల్లి తువ్వాళ్ళను హంసల్లా మడిచి పెట్టారు. వదిన లోపలికి రాలేదు. వరండా మెట్టు మీద కూర్చుంది.

"ఓంకార్, ఇది ఎవలిల్లు?"

"రిసార్టోళ్ళదే అక్కా."

"నిద్ర తమ్ముని ఇంట్ల చెయ్యాలె. మందింట్ల పండుకుంటె గది నిద్ర గాదు. నువ్వుండేది యాడ? ఆడికి తీస్కపో."

వాడి ముఖం వాడిపోయింది. "అది నువ్వుండే తావు గాదక్కా."

అయినా పట్టిన పట్టు వదల్లేదు. తీసుకుపోయాడు. వంటగది వెనక రేకుల షెడ్డు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, తాళ్ళకు వేలాడే లుంగీలు, మా అడుగుల చప్పుడుకు గబగబా చొక్కాలు తొడుక్కుంటున్న మగపిల్లలు. ఓంకార్‌ది మూల మంచం. దాని కింద ఒక ట్రంకు పెట్టె. పైన పరిచిన దుప్పటి రిసార్టు పనికిరాదని పారేసింది, అంచు పొడుగునా కుట్లు. నిలబడి అదంతా చూశాక నేను కూడగట్టుకొచ్చిన తిట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇన్నేండ్లు వీడు ఇక్కడ ఇలా ఉన్నాడని, ఫోన్లో మాకేమో సముద్రం చూపించాడని అర్థమైంది.

ఆడవాళ్ళు అక్కడ పడుకోవడానికి వీల్లేదు, మేనేజర్ చూస్తే వాడి ఉద్యోగం పోతుంది. వదిన ఆ మంచం పట్టీని చేత్తో ఒకసారి తడిమి బయటికి వచ్చింది. ఇక ఇంత దూరం వచ్చిందీ వృథాయే అనుకున్నాను. రేపే తిరుగు ఓడ. డోర్నకల్‌లో భాగ్యమ్మ "అయ్యిందా?" అని అడుగుతుంది. కాలేదని చెప్పాలి. చెప్పకపోతే అబద్ధమాడాలి. వదిన చేత అబద్ధం చెప్పించడం మా అన్న వల్లే కాలేదు.

"పొద్దంత యాడ పని చేస్తవ్?" అని అడిగింది వదిన.

షెడ్డు పక్కనే ఉంది వాడు పనిచేసే చోటు. పెద్ద పెద్ద మిషన్లు, బట్టలు ఆవిరి పట్టే బల్ల. బయట కొబ్బరిచెట్ల మధ్య తాళ్ళు కట్టి, వాటి మీద తెల్ల దుప్పట్లు వరసలు వరసలుగా ఆరేశారు. వదిన వాటి నడుమ నడుస్తూ ఒకటి పట్టుకొని చూసింది. నేసేవాళ్ళ చెయ్యి కదా, బొటనవేలితో నూలు నలిపి చూసింది.

"ఇవన్ని నువ్వే పిండుతవా?"

"నేనే అక్కా. నేను, ఇంకో పిలగాడు. ఈ దీవి మీద పండుకునేటోళ్ళంత నేను పిండిన దుప్పట్ల మీదనే పండుకుంటరు. మంచాలు వాళ్ళయి. పక్కలైతె నావే."

వదిన తాడు మీద నుంచి ఒక దుప్పటి తనే దించి వాడి చేతికిచ్చింది. "అయితె గిదే నీ ఇల్లు. దా, నీ చేతుల్తోని పర్వు. కింద పర్వు, నాకు మంచం వద్దు" అంది.

"గట్లెట్లయితది వదినా, భాగ్యమ్మ ఒప్పుకుంటదా?" అన్నాను.

"ఒప్పుకుంటది. తమ్ముడు పర్సినంక నేను పండుకుంటె నిద్రనే. ఎవల జాగైతేంది."

అలాగే చేశాడు. రూములో మంచం పక్కకు జరిపి, నేల మీద దుప్పటి పరిచి, నాలుగు మూలలూ సర్ది, "పండుకో అక్కా" అన్నాడు. రోజూ ఎంతోమంది పక్కలు పిండేవాడే. ఆ ఒక్కదాని ముడతలు మాత్రం రెండుసార్లు సాపు చేశాడు. వదిన ఒత్తిగిలి పడుకుంది. వాడు గడప అవతల కూర్చున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. వదిన గురక పెట్టడం నేనెప్పుడూ వినలేదు. నేను గోడకు ఆనుకొని, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని కాపలా కూర్చున్నాను.

ఆ దీవిలో తొందరగా తెల్లారుతుంది. బాగా ఎండెక్కాక వదిన లేచింది. ముఖం తేటపడింది. ఓంకార్ వాళ్ళ షెడ్డు పొయ్యి మీద కోడికూర, పచ్చిపులుసు వండి తెచ్చాడు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ మన రఘునాథపల్లి తీరే కోశావురా అంది వదిన. అన్నం తిన్నాక వాడు ముదురాకుపచ్చ చీర చేతిలో పెట్టాడు. అంతటితో అయిపోయింది. ఇక ఆమె ఏ గడపైనా తొక్కవచ్చు.

అప్పుడే నవత ఫోన్. "అమ్మా, నడుము నొస్తాంది. డాక్టరమ్మ ఇంక టైమున్నది అంటాంది గని నాకు నమ్మకం లేదు. ఎప్పుడొస్తవే?"

"అయిపాయె బిడ్డా, నిద్ర అయిపాయె. రేపు పొద్దుగాల నీ కాడ ఉంట. మీ అత్తకు చెప్పు" అంది వదిన. భాగ్యమ్మ ఫోన్ తీసుకొని, "తొందరగ రా వదినె, పిల్ల నీ పేరే తలుస్తాంది" అంది. ఆ మాటకు వదిన నవ్వింది. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. మేం వచ్చిన పని అయింది.

ఆ దీవి నుంచి రోజుకు ఒకటే ఓడ. దానికింకా సమయముంది. వదిన షెడ్డు దగ్గర పిల్లలకు చెప్పి వస్తానంది. నేను రెండు సంచులూ తీసుకొని ముందుగా ఒడ్డుకు పోయాను. ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే, కాళ్ళు నొప్పిగా ఉన్నాయి కదా అని కూర్చున్నాను. అది వెనక్కి వాలే కుర్చీ అని నాకు తెలియదు. వాలింది. చెప్పులు కూడా విప్పలేదు. నీళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. వదిన ఇంకా రాలేదేమిటని విసుక్కున్నది జ్ఞాపకముంది. తర్వాత ఏమీ జ్ఞాపకం లేదు.

కళ్ళు తెరిచేసరికి ఎండ లేదు. నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయాయి. నా మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది, ముఖం మీద నీడ పడేలా ఎవరో గొడుగు జరిపారు. చెప్పులు విప్పి ఇసుకలో పక్కపక్కన పెట్టారు. వదిన కుర్చీ పక్కన నేల మీద కూర్చొని ఉంది. కొంచెం అవతల ఓంకార్.

గబుక్కున లేచి కూర్చున్నాను. "ఓడేది?"

"పోయింది" అంది వదిన.

"పోయిందా? లేపద్దా నన్ను? ఆడ పిల్లకు నొప్పులొస్తాంటె, నువ్వు గీడ కూసుంటివా? నీకేమన్న బుద్ధున్నదా వదినా?"

నేను ఇంకా చాలా అన్నాను. చివరికి ఓంకార్ మెల్లగా చెప్పాడు. ఓడ కూత పెట్టినప్పుడు వాడు నన్ను లేపబోయాడట, వదిన చెయ్యి పట్టుకొని ఆపిందట. ఇది అతిథుల కుర్చీ అని మేనేజర్ వస్తే వాడు పోయి ఏదో చెప్పి పంపించాడట. పక్క కుర్చీలో పిల్లలు అల్లరి చేస్తే వదిన నోటి మీద వేలు పెట్టి చూపిందట. టికెట్లు తర్వాతి రోజుకు మార్పించారు. నవతకు ఫోన్ చేసి ఒక్క రోజు ఆగు బిడ్డా అని చెప్పింది కూడా వదినే.

"ఎందుకు చేసినవ్ గిట్ల?" అన్నాను.

"నువ్వు పండుకోక ఎన్నొద్దులాయెనో నీకెరుకనా?" అంది వదిన. "నేను పండుకుంటలేనని నువ్వే చూస్తానవ్ అనుకుంటివి. నేను కన్ను తెరిచినప్పుడల్లా నువ్వు గూడ చూసుకుంటనే ఉంటివి. మొగడు పోయిండని నా ఇంటికి మంది వచ్చిర్రు, కూసున్నరు, అన్నం తినిపిచ్చిర్రు. అన్న పోయిండని నిన్ను ఎవలన్న అడిగిర్రా? నిద్రకు తీస్కపోయిర్రా?"

"నన్ను తీస్కపోయేటోడు ఆయననే గద వదినా" అన్నాను.

అంతే, ఇక ఆగలేదు. ఆ సెలవు మీద వచ్చిన జనమంతా చూస్తుండగా, ఆ కుర్చీలో కూర్చొనే, అన్న పేరు పెట్టి ఏడ్చాను. నవ్వుతూ ఫొటోలు దిగుతున్నవాళ్ళు ఫోన్లు దించారు. వదిన నా తల తన ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది. ఇద్దరం ఒకే మనిషి కోసం ఎవరికి వాళ్ళం ఏడుపు అణుచుకొని అన్ని రోజులు గడిపామని అప్పుడు తెలిసింది. ఓంకార్ కొబ్బరిబోండాలు కొట్టించి తెచ్చి, ఎవరికి ముందివ్వాలో తెలియక నిలబడ్డాడు. తర్వాత నా పక్కన కూర్చొని, "తాగు అక్కా" అన్నాడు. వరస తప్పింది. నేను దిద్దలేదు.

ఆ రాత్రికీ మేనేజర్‌ను ఒప్పించి, వాడు రెండు పక్కలు పరిచాడు.

మర్నాడు ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి ఫోన్ వచ్చింది. నవతకు ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ముందు రోజు ఓడ దొరికి ఉంటే వదిన ఆ సమయానికి బిడ్డ చెయ్యి పట్టుకొని ఉండేది. ఆ ఒక్కదాని కోసమే ఆమె సముద్రం దాటి వచ్చింది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆమె మాత్రం "మొగపిలగానికి పుట్టెంటికలున్నయా, ఎట్లున్నడు, తెల్లగున్నడా" అని అడిగిందే అడుగుతోంది. మనవరాలు పుట్టిన కంగారులో ఆడపిల్లను మొగోణ్ణి చేసింది.

డోర్నకల్‌లో దిగి నేరుగా దవాఖానకు పోయాం. నవత నిద్రపోతోంది. భాగ్యమ్మ పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. మమ్మల్ని చూసి ఆమె సంతోషమూ కోపమూ రెండూ దాచుకోలేదు.

"నిద్ర అయిపోయిందంటివి, పొద్దుగాల వస్తనంటివి. పిల్ల అమ్మా అమ్మా అని ఒకటే మొత్తుకున్నది. ఏమైంది వదినె, గంత ఆలస్యమెందుకాయె?"

నేను నోరు తెరవబోయాను. తప్పు నాదని, తిడితే నన్ను తిట్టమని చెప్పాలనుకున్నాను. వదిన అప్పటికే చేతులు కడుక్కొని వచ్చి మనవరాలిని అందుకుంటోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మా ఆడబిడ్డకు కన్నంటుకున్నది వదినె. లేపబుద్ధి గాలె."